తలుపవతల ఎవరుంటారండీ?

హవల్దారు బాబాయిగారు పోయేరు. రాస్తుంటే కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి ఫోను తీశాను. ఎవరో పెట్టిన స్టేటస్‌లో ఆయన ఫోటో, ఫోటోకి దండ. మొన్న సంతలో నా పక్కన నుంచుని బెండకాయలు ఏరేరండీ! "ముదురువి నాకొదిలేయండమ్మా, నా పళ్లు ఇంకా సర్వీసులోనే ఉన్నాయి" అని నవ్వేరు. అలాంటి మనిషికి దండేమిటి? పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా నేను ఆ ఫోను పట్టుకునే నుంచున్నాను. మా ఆయన వచ్చి "ఏంటా మాడు వాసన?" అని కసిరేరు. ఫోను చేతికిచ్చేను. అంతే, గడప మీదే చతికిలబడిపోయేరు.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కం కాదు. కాలవ అవతల ఇల్లు. మిలిట్రీలో చేసి రిటైరై వచ్చేరు. ఎక్కడెక్కడ చేసేరో, ఏం చూసేరో నాకు తెలీదు. అడిగితే "చాలా చలండీ అక్కడ" అని ఊరుకునేవారు. ఇన్నేళ్లలో మిలిట్రీ గురించి ఆయన నోట నేను విన్నది ఆ ఒక్క ముక్కే.

నాకు బాగా తెలిసినవి ఆయన చేతులు. ఆ చేతులు దేన్నీ మనిషి వైపు చూపించేవి కావు. రాజోలు బస్సు ఎక్కడాగుతుందని ఎవరైనా అడిగితే వేలు పెట్టి చూపించరు. అరచెయ్యి మొత్తం చాపి, ఆ దారిలో మనిషెవరూ లేకుండా చూసుకుని మరీ "అలా వెళ్లండి" అంటారు. గొడుగు మొన ఎప్పుడూ నేల వైపే. మా ఇంట్లో టీవీ రిమోటు చేతికిస్తే "కాస్త జరగండమ్మా" అనేవారు, నా మీదుగా నొక్కడం ఇష్టం లేక. "అదేమన్నా పేలుతుందా బాబాయిగారూ!" అని ఏడిపించేదాన్ని. "ఆయ్, పేలదండీ. చేతికి అలవాటు తప్పుతుంది" అనేవారు.

ఒకసారి మా వీధిలో పెళ్లికి రంగుకాగితాలు పేల్చే గొట్టాలు తెచ్చేరు. ఎవరో ఒకతను ఉత్సాహం కొద్దీ దాన్ని పెళ్లికూతురి వైపు పెట్టేడు. ఈయన భోజనం బంతిలోంచి ఎంగిలి చేత్తోనే లేచి, అతని మోచెయ్యి పట్టి ఆకాశంలోకి తిప్పేసి "పైకండీ, పైకి! మొహం మీదకి కాదండీ!" అని ఒకటే కేకలు. పెళ్లివారు బిత్తరపోయేరు. అతని సిల్కు లాల్చీకి పప్పూ సాంబారూ అంటుకున్నాయి. నేనైతే పడీపడీ నవ్వేను.

మా కోనసీమలో అండీ లేందే మాట పెగలదు, ఒప్పుకుంటాను. కానీ ఈయన మరీను. దారికడ్డంగా పడుకున్న కుక్కని "కాస్త లేవండి" అనేవారు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం. తుపాకీ చప్పుళ్లకి పోయిందట. అందుకని ఆయనకి గుట్టుగా ఏదీ చెప్పడానికి లేదు. ఆయన చెవిన వేస్తే కాలవకి రెండొడ్లా వేసినట్టే.

మా చుట్టుపక్కల లైసెన్సు తుపాకులు కొన్ని ఉన్నాయి. తాతల నాటి జోడు తుపాకులే ఎక్కువ. అటకెక్కి తుప్పు పడుతుంటాయి. అవన్నీ ఈయన దగ్గరికొచ్చేవి. శుభ్రం చేసి, నూనె రాసి ఇచ్చేవారు. తుపాకీ చేతిలోకి రాగానే ముందు దాని మూతి గోడ వైపు తిప్పేవారు. తెరిచి చూసి, లోపల వేలు పెట్టి, "ఖాళీ" అని పైకి అనేవారు. తెచ్చినాయన "ఇప్పుడే నేను చూసేను కదండీ" అంటే, "మీరు చూసింది మీకండీ, నేను చూసేది నాకు" అనేవారు. ఇందులో వాదన లేదు.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆయనెవరో మీకు తెలీదు.

మా మావగారి తర్వాత అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. పాత ఇల్లు, మావగారు మోజుపడి చేయించిన టేకు తలుపుతో సహా, మా బావగారికి వెళ్లింది. జోడు తుపాకీ కూడా ఆయనకే, పెద్దకొడుకు కాబట్టి. మాకు ఇంటి స్థలం, కాలవ దిగువ పొలం వచ్చేయి. ఆ పొలం మా ఆయన తవ్వించి రొయ్యల చెరువులు చేసేరు. చెరువుల్లో ఉప్పునీరు. పక్కనే బావగారి కొబ్బరితోట. ఉప్పు ఊట దిగి ఆ వరస చెట్లు మొవ్వలు వాలిపోయేయి. బావగారు ఆఫీసుల చుట్టూ తిరిగి అర్జీలు పెట్టేరు. మా ఆయన "నా భూమి, నా ఇష్టం" అన్నారు. మాటా మాటా పెరిగింది. ఒకే కాలవ నీళ్లు తాగుతూ మొహాలు చూసుకోవడం మానేసేరు. నేనూ మా అక్కా, అంటే నా తోటికోడలు, కూరలు కూడా దొడ్డిదారిన ఇచ్చిపుచ్చుకునేవాళ్లం.

అలాంటి రోజుల్లో ఓ తెల్లవారుజామున పెద్ద చెరువు తూము దగ్గర గట్టు తెగింది. పట్టుబడికి వచ్చిన రొయ్య అంతా మురుగు కాలవలోకి పోయింది. మా ఆయన బురదలో మోకాళ్ల మీద కూర్చుని, దొరికినవి గుప్పిళ్లతో ఏరుకున్నారు. ఆ మనిషిని అలా చూడలేకపోయేను. లేచి ఒకటే మాట అన్నారు: "ఇది అన్నయ్య పనే."

సాక్ష్యం లేదు. అడుగుదామంటే మాటల్లేవు. కొన్నాళ్లకి పంట రక్షణకని తుపాకీ లైసెన్సుకి పెట్టేరు. నీటికాకులు రొయ్యని తినేస్తున్నాయని అందరూ మొత్తుకునేదే కదా, నేనూ నమ్మేను. ఎవరెవరినో పట్టుకుంటే అదొచ్చింది. బెజవాడ వెళ్లి పొట్టి గొట్టం రైఫిలు ఒకటి కొనుక్కొచ్చేరు. ఒకటి పేలగానే ఇంకోటి తనంతట తనే ఎక్కి కూర్చుంటుందట. దాన్ని భుజాన వేసుకుని బావగారి గుమ్మం ముందునుంచే ఇంటికొచ్చేరు. నాకది నచ్చలేదు, చెప్పేను. "నీకు తెలీదు, ఊరుకో" అన్నారు. తూటాలు మాత్రం ఇంకా కొనలేదు. దుకాణంలో ఏదేదో పేర్లు చెప్పేరట, ఏది సరిపోతుందో హవల్దారుగారిని అడిగి కొందామని ఆగేరు.

ఆ మధ్యాహ్నం ఆయన వచ్చేరు. అరుగు మీద కుర్చీ. నేను వంటింట్లో ములక్కాడలు తరుగుతున్నాను. రైఫిలు మూతి గోడకి తిప్పడం, "ఖాళీ" అనడం అన్నీ వినబడుతున్నాయి.

"గొట్టం పొట్టిదండీ ఇది," అంటున్నారు ఆయన. "మందు తక్కువున్న తూటా వేస్తే ఒకటి పేలుతుంది, రెండోది సగంలో ఇరుక్కుని కూర్చుంటుంది. పోనీ జోరుగా ఉన్నది వేద్దామా అంటే మన చెరువుల మీద కుదరదు. నీళ్లకి తగిలి లేస్తుందండీ. చిన్నప్పుడు పెంకులు విసిరేవాళ్లం కాదూ, అలాగ. అవతల గట్టు మీద ఎవరున్నారో దానికేం తెలుసు? అయినా నీటికాకికి తూటా ఎందుకండీ, దీపావళి టపాకాయ చాలదూ?"

మా ఆయన ఏదో గొణిగేరు.

"ఆఁ?" అన్నారు ఆయన.

మళ్లీ గొణిగేరు.

"వినపడలేదండీ. కాస్త గట్టిగా."

"తలుపు! టేకు తలుపు! అది దాటి వెళ్లాలంటే ఏ తూటా వెయ్యాలీ అని!"

నా చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. మా వీధి మొత్తం మీద టేకు తలుపు ఒక్కటే ఉంది. అమ్మబాబోయ్!  పదహారేళ్లు కాపురం చేసిన మనిషి గొంతు అది. రాత్రి నా చేత్తో అన్నం పెట్టించుకు తిన్న మనిషి! 

 బాబాయిగారు కాఫీ కప్పు కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"తలుపవతల ఎవరుంటారండీ?"

"ఎవరూ ఉండరు. ఊరికే అడిగేను."

"ఊరికే కాదు లెండి. తూటా సరైందో కాదో తలుపు చెప్పదండీ, అవతలున్నవాళ్లు చెబుతారు. పొద్దున్న తలుపు తీసుకుని ముగ్గెయ్యడానికి మీ వదినగారు వస్తారు. ఆవిడ వెనకాల పాలగిన్నె పట్టుకుని మీ అన్నగారమ్మాయి. సాయంత్రం మీ అన్నగారు పడక్కుర్చీ సరిగ్గా ఆ తలుపు వెనకాలే వేసుకుంటారు, గాలొస్తుందని. వీళ్లలో ఎవరికి సరిపడేది కావాలో మీరే చెప్పండి. అప్పుడు తూటా నేను చెబుతాను."

మా ఆయన లేచి అరిచేరు. "మీకెందుకండీ మా గొడవలు? తూటా అడిగితే తూటా చెప్పండి!" అన్నారు. నోటికొచ్చింది అన్నారు, ఆ పెద్దాయన్ని! ఆయన కదల్లేదు. "అమ్మా, ఇంకో కాఫీ ఇస్తారా?" అని లోపలికి కేకేసేరు. నేను తెచ్చేను. సగం సాసర్లోనే ఉంది. ఆయన నా వైపు చూడలేదు. నేను విన్నానని తెలిస్తే మా ఆయన ఏమైపోతారో అని కాబోలు, కప్పు వైపే చూసేరు. సాయంత్రం దాకా అలా కూర్చునే ఉన్నారు. పొద్దుగూకాక మా ఆయన తల చేతుల్లో పెట్టుకుని ఏడ్చేరు. అప్పుడు లేచి "నేను చెప్పేదాకా తూటాలు కొనకండి" అని వెళ్లిపోయేరు.

ఎన్నో రోజులు నాకు నిద్ర పట్టలేదు. నా పక్కన పడుకున్నదెవరా అనిపించేది. ఎలక్షన్లు దగ్గర పడ్డాయి. ఎలక్షన్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి కదా. అందరూ ఆఖరి రోజు దాకా నానుస్తారు. కబురొచ్చిన మర్నాడే బాబాయిగారు ఆటో తీసుకుని మా గుమ్మంలోకి వచ్చేసేరు. "రండి, ఎండెక్కితే కష్టం" అన్నారు. మా ఆయన మారు మాట్లాడకుండా రైఫిలు తెచ్చి ఆటోలో కూర్చున్నారు. ఎలక్షన్లు అయిపోయేయి, గెలిచినవాళ్లు గెలిచేరు, ఓడినవాళ్లు ఓడేరు. మా ఆయన మాత్రం రైఫిలు తెచ్చుకోడానికి వెళ్లలేదు. నేను అడగనూ లేదు.

ఆ వేసవిలో చెరువు ఎండగట్టి తూము బాగుచేయించేం. జేసీబీ గట్టు చీలిస్తే లోపలంతా పీత బొరియలు. చెయ్యి పట్టేంతవి, ఇటునుంచి అటు దాకా. పీతలు తొలిచి తొలిచి గట్టు గుల్ల చేసేయి. గట్టు తెంపింది అవే, బావగారు కాదు! మా ఆయన ఆ బొరియలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయేరు. పీతలు చేసిన పనికి అన్నగారి తలుపు మీద గురిపెట్టబోయేడండీ ఈ మనిషి! ఆ రోజు నేను గట్టు మీదే నిలదీసేశాను. "విన్నాను, అంతా విన్నాను, వెళ్లి అన్నగారి కాళ్లు పట్టుకోండి" అన్నాను. "ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అన్నారు. వెళ్లలేదు. సిగ్గుతో ఇంకా దూరమయ్యేరు.

ఒకరోజు వంతెన మీద కనబడితే బాబాయిగారిని అడిగేను. నడిరోడ్డు మీద అరవలేను కదా, ఆ కుడి చెవి దగ్గరికి వెళ్లి "మా బావగారికి చెప్పేరా?" అన్నాను. "ఇటు మాట అటు మొయ్యడం నా డ్యూటీ కాదమ్మా" అన్నారు. సంచీలోంచి రెండు పనసతొనలు తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయేరు.

ఇవాళ వాళ్లింటికి వెళ్లేం. కూతురు విశాఖపట్నం నుంచి రావాలని ఇంకా ఎత్తలేదు. మాజీ సైనికులు వచ్చి జెండా కప్పేరు. ఆ చేతులు ఛాతీ మీద కట్టేసి ఉన్నాయి. నేను ఎక్కువసేపు చూడలేకపోయేను. పందిట్లో ప్లాస్టిక్ కుర్చీల్లో జనం. ఓ మూల మా బావగారు, అక్క. మా ఆయన చప్పున వేరే మూలకి తిరుగుతుంటే బావగారే లేచి వచ్చేరు. వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. ఇన్నేళ్లకి!

"ఒరే, ఈయన నాకు చేసిన మేలు ఎవరూ చెయ్యలేదురా" అన్నారు.

మా ఆయన తలెత్తలేదు. "నాకూ" అన్నారు.

"నీకేం చేసేరు?"

చెప్పరనుకున్నాను. చెప్పేసేరు. "తలుపవతల ఎవరుంటారో చెప్పమన్నారు, అన్నయ్యా."

"ఏ తలుపు?"

"మీ తలుపే. రైఫిలు తెచ్చేనే, అప్పుడు. దేనికి ఏ తూటా అని అడిగితే."

నేను కళ్లు మూసుకున్నాను. లెంపకాయ చప్పుడు వినబడుతుందనుకున్నాను.  కళ్లు తెరిస్తే బావగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నన్ను గట్టు మీద ఎవరుంటారో చెప్పమన్నారురా" అన్నారు.

"ఏ గట్టు?"

"మీ చెరువు గట్టు. నువ్వు దాన్ని భుజానేసుకుని నా గుమ్మం ముందు నడిచేవు చూడు, ఆ వారమే. నాన్న తుపాకీ దించి ఆయన దగ్గరికి పట్టుకెళ్లేను. పెద్ద గుండ్ల తూటా కావాలన్నాను. దేనికండీ అన్నారు. అడవిపందికన్నాను. కోనసీమలో అడవిపంది ఎక్కడుందండీ అన్నారు. తోటలోంచి మీ గట్టు మీదకి ఎంత దూరం అందుతుందని అడిగేను. అప్పుడడిగేరు. పొద్దున్నపూట ఆ గట్టు మీద ఎవరుంటారండీ అని. నేను నువ్వుంటావనుకున్నానురా. ఆలోచించి చూస్తే నువ్వు ఎండెక్కితే గానీ రావు. పొద్దున్నే రొయ్య మేత తిందో లేదో తట్టలు ఎత్తి చూసేది..."

ఆగిపోయి నా వైపు చూసేరు.

"మా మరదలుంటుందండీ అన్నాను. నోటితో అన్నాక గానీ నేనేం అడుగుతున్నానో నాకు తెలీలేదమ్మా. దాన్ని తీసుకెళ్లి మళ్లీ అటకెక్కించేసేను. ఎలక్షన్లని ఆయనే వచ్చి స్టేషన్లో పెట్టించేరు. అక్కడే ఉంది."

అక్క బావురుమంది. అన్నదమ్ములిద్దరూ ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని ఏడ్చేరు, చిన్నపిల్లల్లా. ఎవరు ఎవర్ని క్షమించేరో నాకు తెలీదు. నాకు మాత్రం అప్పుడు ఇంకోటి తెలిసింది. 

రైఫిలు ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఎలక్షన్ల దాకా, ఓ నెల రోజులు ఆయన పొద్దున్నే మా చెరువు గట్టు మీదకి వచ్చేవారు. అంతకు ముందెప్పుడూ వచ్చింది లేదు. డాక్టరు నడవమన్నాడని చెప్పేరు. ఒక తట్ట నుంచి ఇంకో తట్టకి నేను నడుస్తుంటే పక్కనే నడిచేవారు, అదీ ఎప్పుడూ కొబ్బరితోట వైపే. గట్టు సన్నం. తట్ట పైకి లాగి అటు తిరిగితే ఆయన, మెట్టు దిగబోతే ఆయన. తుపాకులు రెండూ స్టేషన్‌కి వెళ్లేక రావడం మానేసేరు. హమ్మయ్య, డాక్టరు మాన్పించేడు కాబోలనుకున్నాను.

ఆ రోజుల్లో ఒక పొద్దున్న నాకు విసుగొచ్చింది. మేత తట్ట నీళ్లతో నా చీరంతా తడిసింది, మనిషి అడ్డంగా నుంచుని కదలరు.

"ఏంటి బాబాయిగారూ, కొండలా అడ్డం నుంచున్నారు? కాస్త పక్కకి జరగండి!" అని అరిచేను.

"వినపడలేదమ్మా" అన్నారు. జరగలేదు.